అట్టపెట్టె మీద ఇద్దరం

ఇందులో ఒత్తులు తప్పిపోతే, దీర్ఘాలు ఉండాల్సిన చోట లేకపోతే మన్నించండి. నేను రాయడం నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. నాకు ఒక పేజీ రాయడానికి పట్టే సమయంలో మీరు ఇంటిల్లిపాదికీ వంట చేసి, గిన్నెలు తోమి, పొయ్యి గట్టు కూడా తుడిచేసుకుంటారు. మొన్నమొన్నటిదాకా నేను చేసిందీ అదే కాబట్టి ఎంత సేపో నాకు తెలుసు. తొందరపడితే నా అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. అందుకని నెమ్మదిగానే రాస్తున్నాను. మీరూ నెమ్మదిగానే చదవండి.

ముఖానికి రాసుకునే క్రీములు తయారుచేసే చోట, ప్యాకింగ్ గదిలో నా పని. బల్లపరుపుగా వచ్చిన అట్టని నాలుగు మడతలు పెట్టి, అంచుకి రెండు వేళ్ళతో జిగురు పూసి, పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకోవాలి. పెట్టె నిలబడ్డాక అందులో క్రీము డబ్బా దించి, దాని మీద మడతపెట్టిన కాగితం ఒకటి ఉంచి, మూత మూయాలి. పన్నెండు పెట్టెలయితే ఒక ట్రే. ఇరవై రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను, అందుకే అందరూ నన్ను జిగురక్క అంటారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడైన సూపర్‌వైజర్‌ది కూడా అదే పిలుపు. ఇంట్లో పెట్టిన పేరు తెలిసిన మా ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆయన ఆ పేరుని పెద్దగా వాడిందీ లేదు, "ఇదిగో" అంటే నేను పలికేదాన్ని. వేళ్ళకి అంటుకున్న జిగురు సాయంత్రానికి ఎండి పొరలుగా లేస్తుంది. గిల్లి తీసేస్తే కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంటుంది. ఆ చేతులతోనే ఇంటికెళ్ళి ఉల్లిపాయలు తరిగేదాన్ని.

నాకు ఒక చెల్లెలు ఉంది. ఈ రాతంతా దాని గురించే, కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. దాన్ని చూస్తే నాకు కుళ్ళు. ఇది ఇవాళ పుట్టిన కుళ్ళు కాదు. అమ్మ పోయేనాటికి దానికి పది నెలలు, నాకు పదకొండేళ్ళు. నాన్న పొద్దున్నే పనికి పోతే దాన్ని చంకనేసుకుని నేను గంజి కాచేదాన్ని. అది నడిచే వయసొచ్చాక నడిపించాను, బడికెళ్ళే వయసొచ్చాక బడికి తీసుకెళ్ళాను. దాని సంచీ మోసుకుంటూ గేటు దాకా వెళ్ళి, అది లోపలికి పరిగెత్తాక సంచీ లేని చేతులతో వెనక్కి తిరిగి వచ్చేదాన్ని. నాన్న అనేవాడు, "ఒక్కరైనా చదువుకోవాలి కదమ్మా, నువ్వు ఎలాగూ పెద్దదానివైపోయావ్." పదిహేనేళ్ళకే నేను పెద్దదాన్నైపోయాను. నా పెళ్ళైన కొన్నాళ్ళకే నాన్న పోతే, పన్నెండేళ్ళ చెల్లెలు నాతోపాటు అత్తవారింటికి వచ్చింది. నాకు పిల్లలు పుట్టలేదు. మా అత్తగారు పక్కింటావిడతో నాకు వినపడేలాగే అంది: "దీని తల్లితనమంతా ఆ చెల్లెలికే ఖర్చయిపోయింది, ఇంక మాకేం మిగిలింది!"

చదువొచ్చిన చెల్లెలే నా కళ్ళయింది. కరెంటు కాగితం, మందుల చీటీ, మా ఆయన ఆసుపత్రి కాగితాలు, అన్నీ అదే చదివి చెప్పేది. అంతకుముందు మా ఆయన చదివేవాడు, పేపరు ముందు పెట్టుకుని. "ఏం రాశారండీ?" అంటే, "నీకు పనికొచ్చేవేం లేవులే," అనేవాడు. ఒక ఇంట్లో చదివేవాళ్ళు ఒకళ్ళు చాలట. ఆయన పోయిన వారం నా బొటనవేలు మూడు రోజులు నీలంగానే ఉంది, అన్ని కాగితాల మీద వేలిముద్ర వేశాను. ప్రతి కాగితానికీ చెల్లెలు పక్కన నిలబడి "ఇక్కడక్కా, ఇక్కడ" అని చూపించింది. నాకు సాయం చేస్తోందని తెలుసు. అయినా నున్నగా, శుభ్రంగా ఉన్న ఆ చూపుడువేలు చూసినప్పుడల్లా కడుపులో ఏదో మండేది.

మండడానికి ఇంకా చాలా ఉన్నాయి. దాని జుట్టు తెల్లబడలేదు. దాని నడుము వంగలేదు. అన్నిటికంటే పెద్దది దాని మొగుడు పెట్టే టీ. చెల్లెలు కూడా తర్వాత మా చోటే పనికి చేరింది, నాలుగున్నరకి వదిలేస్తారు. ఎప్పుడైనా దానితో పాటు వాళ్ళింటికి వెళ్తే మా మరిది అప్పటికే టీ మరిగించి, వడగట్టి, కప్పుల్లో పోసి సిద్ధంగా ఉంచేవాడు. వంట కూడా తనదే. "మీరు కూర్చోండి వదినా, పొయ్యి దగ్గరికి రాకండి," అనేవాడు. నేను ముప్పై ఏళ్ళు దాటిన కాపురంలో ఇంకో మనిషి చేతి టీ తాగి ఎరుగను. ఆ కప్పు పట్టుకుంటే వేళ్ళు కాలేవి, కానీ నేను కిందపెట్టేదాన్ని కాదు.

మా ఆయన పోయిన ఏడే సూపర్‌వైజర్ని బతిమాలి చెల్లెల్ని మా టేబుల్ దగ్గర కూర్చోబెట్టించాను. ఇద్దరం పక్కపక్కన అట్టలు మడిచేవాళ్ళం. మా ఇద్దరివీ నాన్న ముక్కు, నాన్న గడ్డం. వయసు తీసేస్తే ఒకే ముఖం. కొత్తగా చేరినవాళ్ళు తల్లీకూతుళ్ళా అని అడిగేవాళ్ళు. చెల్లెలు పగలబడి నవ్వేది. నేను అట్ట మీద మామూలు కంటే గట్టిగా నొక్కేదాన్ని.

ఐదేళ్ళ క్రితం ఒకరోజు ఫొటోలు తీసే అతను వచ్చాడు. ప్రచారం పనులు చూసే మేడమ్ వెంటబెట్టుకుని వచ్చింది. మా అందరినీ వరసగా కిటికీ దగ్గర నిలబెట్టి, చివరికి మమ్మల్నిద్దర్నే ఆపుకున్నారు. నన్ను ముఖం కడుక్కురమ్మన్నారు, తుడుచుకోవద్దన్నారు. చెల్లెల్ని వేరే గదిలోకి తీసుకెళ్ళి గంటసేపు ఏవో పూశారు. కొన్ని నెలలకి కొత్త అట్టలు వచ్చాయి. ఎడమవైపు నేను, కుడివైపు చెల్లెలు, పెట్టె నిలబెడితే అంచుకి అటొకరం, ఇటొకరం. నుదురు నుంచి గడ్డం దాకా, ముఖాలు మాత్రమే. రెండు ముఖాల కింద రెండు వరసల అక్షరాలు. పదిహేడేళ్ళపాటు గులాబీ రంగయితే ఇది, ఆకుపచ్చయితే అది అని రంగుల్ని బట్టి పని చేసిన నాకు, నా ముఖం ఉన్న అట్ట చేతికొచ్చేసరికి మడవాలన్న సంగతే గుర్తు రాలేదు.

"ఏం రాశారే నా కింద?" అని అడిగాను.

చెల్లెలు అట్ట తీసుకుంది. చాలాసేపు చూసింది. "నీ కింద 'అక్క' అని రాశారు, నా కింద 'చెల్లెలు' అని," అంది. "ఏ వయసు వాళ్ళకైనా పనికొస్తుందని చెప్పడానికట."

ఆ టేబుల్ చుట్టూ ఆరుగురం కూర్చుంటాం. వాళ్ళలో నలుగురికి చదవడం వచ్చు. ఒక్కరు కూడా తలెత్తలేదు. జిగురు డబ్బా కోసం అందరూ ఒకేసారి చెయ్యి చాపారు, అది మాత్రం గుర్తుంది.

నేనొక పెట్టె ఇంటికి తెచ్చుకుని తలుపు ఎదురుగా మేకుకి తగిలించాను. నేనుండేది లాండ్రీ షాపు పైగదిలో. అద్దె కోసం వచ్చినప్పుడల్లా లాండ్రీ ఆయనకి చూపించేదాన్ని. "ఇది నేను, అక్కని. అది మా చెల్లెలు." ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బాగుంది, బాగుంది," అనేవాడు. ఆయనకీ చదువొచ్చు. కూరగాయల ఆమెకి చూపించాను. బస్సులో పక్క సీటు ఆమెకి సంచీలోంచి తీసి చూపించాను. నా జన్మలో మొదటిసారి ఒక విషయంలో నేనూ చెల్లెలూ సమానం అనిపించింది. ఇద్దరం ఒకే పెట్టె మీద, ఒకే కొలత. కాకపోతే ఆ అట్టలొచ్చిన నెలలోనే దాన్ని ప్యాకింగ్ గది నుంచి ముందు షోరూముకి మార్చారు. అక్కడ దానికి అద్దం ముందు తిరిగే కుర్చీ, తెల్లకోటు. వచ్చినవాళ్ళ చేతి మీద క్రీము రాసి, "నన్ను చూడండి," అనడం దాని పని. నేను జిగురు దగ్గరే ఉండిపోయాను. చదువుకుంది కదా, అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడం నాకు వచ్చిన మొదటి పని.

మూడేళ్ళ క్రితం ఒక పంతులమ్మ వచ్చింది. బడి నుంచి రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, మేం భోజనాలు చేసే గదిలో సాయంత్రం ఒక గంట చదువు చెప్తానని యజమానుల్ని అడిగి ఒప్పించింది. పలకలు ఆమే తెచ్చింది. నేను అక్షరాల కోసం వెళ్ళాననుకోకండి. చెల్లెలికి వచ్చింది నాకు రాదనే మంట కోసం వెళ్ళాను. 'అ' దిద్దడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అట్ట మడిచే వేళ్ళు వంపు తిరగమంటే తిరగవు. పంతులమ్మ నా మణికట్టు పట్టుకుని, "నొక్కకమ్మా, ఇది అంటించేది కాదు," అనేది.

ఎనిమిది నెలలయ్యాక ఆమె మమ్మల్ని ఇంట్లోంచి అక్షరాలున్న వస్తువు ఏదైనా తెచ్చి అందరిముందు చదవమంది. ఒకామె సబ్బు కాగితం తెచ్చింది. ఒకామె దగ్గుమందు సీసా తెచ్చి, తను రోజుకి రెండుసార్లు తాగాల్సింది నాలుగుసార్లు తాగుతోందని తెలుసుకుని నోరు తెరిచింది, గదంతా నవ్వింది. నేను నా పెట్టె తీసుకెళ్ళాను. మేకు మీంచి తీసి, దుమ్ము తుడిచి, చీర కొంగులో చుట్టుకుని. అందులో ఏముందో నాకు ముందే తెలుసు కదా, తప్పు పోయే భయం లేదు.

లేచి నిలబడి నా ముఖం కింద వేలు పెట్టాను. 'అ' కోసం వెతికాను. 'అ' లేదు. మొదటి అక్షరం 'వా'. నేనే పొరపాటు పడ్డాననుకుని మళ్ళీ చూశాను. వా. డ. క. పంతులమ్మ చెయ్యి చాపి, "ఇవాళ్టికి చాలమ్మా, కూర్చో," అంది. నేను కూర్చోలేదు. ముం. దు. కలిపాను. వాడకముందు. అప్పుడు చెల్లెలి కింద వేలు పెట్టాను. అది చాలా పొడుగ్గా ఉంది, అంతా చదివేసరికి దగ్గుమందు ఆమె తల దించుకుంది. వాడిన నలభై ఐదు రోజుల తర్వాత.

నా పక్కనున్నది నా చెల్లెలు కాదు. నలభై ఐదు రోజుల తర్వాతి నేను. నేను పెంచి, నడిపించి, బడిలో దింపి వచ్చిన మనిషిని చూపించి, నువ్వు ఇలా అయ్యుండాల్సింది అని వేలమంది ముందు పెట్టారు. రెండేళ్ళపాటు నేనే ఆ పెట్టెలు మడిచాను. నేనే బస్సులో పరాయి ఆడవాళ్ళకి చూపించి, "ఇది నేను," అన్నాను. ఆ రాత్రి లోపలి కాగితం కూడా విప్పాను. కొన్ని వేల కాగితాలు ఆ డబ్బాల మీద పెట్టాను కానీ ఒక్కటీ విప్పి ఎరుగను. చీమల్లాంటి అక్షరాలు. చిట్టచివర ఒక వాక్యం: బొమ్మలు సూచన కోసం మాత్రమే. నేనెవరో నాకు అప్పుడు తెలిసింది, సూచనని.

మర్నాడు షోరూముకి వెళ్ళి చెల్లెల్ని అడిగాను.

"ఎందుకే అబద్ధం చెప్పావ్?"

అది అద్దం వైపు తిరిగింది. "ఆ రోజు అట్ట పట్టుకుని నువ్వు నవ్విన నవ్వు నీకు తెలీదక్కా. నిజం ఎలా చెప్పమంటావ్?"

"మరి తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత మేకుకి తగిలించావ్."

అది జాలిపడిందో, లోపల్లోపల నవ్వుకుందో నాకు తెలియలేదు. తెలియకపోవడమే ఎక్కువ మండింది. ఆ వారం నేనొక పని చేశాను. ట్రేలో పెట్టెలు పెట్టేటప్పుడు కుడివైపు ముఖం బయటికి కనిపించాలని మాకు లెక్క. నేను అన్నీ తిప్పి, ఎడమవైపు ముఖం బయటికి పెట్టాను. ట్రే తర్వాత ట్రే. పన్నెండు మంది నేను. దుకాణాల అద్దాల వెనక వరసగా నేనే. చెల్లెలు ఎక్కడా లేదు. చెప్తే నమ్మరు, ఆ నాలుగు రోజులూ నా చేతులు ఎంత తేలిగ్గా ఆడాయో. ఐదో రోజు దుకాణాల నుంచి ట్రేలు తిరిగొచ్చాయి. సూపర్‌వైజర్ ఒక ట్రే తెచ్చి నా ముందు దబ్బున పడేశాడు. "ఏం జిగురక్కా, కొనేవాళ్ళని భయపెట్టి పంపిద్దామనా? ఈ ముఖం చూసి ఎవరైనా పర్సు తీస్తారా?" టేబుల్ చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నొచ్చుకున్నట్టు తెలిసిపోతుంది కదా. నవ్వుతూనే ఒక్కొక్క పెట్టెనీ మళ్ళీ చెల్లెలి వైపు తిప్పాను.

మరుసటేడు మా భోజనాల గదిలో బ్యానరు కట్టారు. "ప్రతి డబ్బా, ఒక స్త్రీకి అక్షరం." అదే మాట అట్టపెట్టె మూత మీదా అచ్చేశారు. మీరు కొన్న ప్రతి డబ్బాతో మాలాంటివాళ్ళకి చదువు వస్తోందట. పంతులమ్మ బ్యానరు కింద నిలబడి పైకి చూసి, "పోనీలే, సుద్దముక్కలన్నా ఇస్తారేమో," అంది. ఒక పెట్టెడు పెన్సిళ్ళు వచ్చాయి. ఒక్కొక్క దాని మీదా బంగారు రంగులో క్రీము పేరు. ముక్కు చెక్కితే విరిగేది, చెక్కితే విరిగేది. చివరికి పేరొక్కటే మిగిలేది.

తర్వాత ప్రచారం మేడమ్ వచ్చి, చదువు నేర్చుకున్న ఆడవాళ్ళ అనుభవాలతో పుస్తకం వేస్తామని, అన్నిటికంటే బాగున్నది మొదట వేసి, రాసినామె ఫొటో అట్ట మీద పెడతామని చెప్పింది. పుస్తకం! మా చెల్లెలు పన్నెండు తరగతులు చదివింది కానీ అదెప్పుడూ పుస్తకంలో లేదు. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. పని నుంచి వచ్చి, అన్నం వండుకోవడం మానేసి రొట్టె తిని రాశాను. నాలుగు నెలలు రాశాను. సంచీ మోసుకుని బడి గేటు దాకా వెళ్ళింది రాశాను, నీలం బొటనవేలు రాశాను, మేకుకి తగిలించిన పెట్టె కూడా రాశాను. కాగితం మీద జిగురు మరకలతోనే ఇచ్చాను.

మొదటిది నాదే అని చెప్పారు. మేడమ్ నన్ను తన గదికి పిలిపించి కుర్చీ చూపించింది. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"చదువుతుంటే ఏడుపొచ్చింది అమ్మా," అంది. నిజంగానే వచ్చి ఉండాలి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చిన్నచిన్న మార్పులు, అంతే. ఆ పెట్టె సంగతి తీసేద్దాం, అది అందరికీ అర్థం కాదు. జిగురక్క అనే పేరు కూడా మారుద్దాం, క్రీము పుస్తకం మీద జిగురంటే బాగోదు కదా. ఇంక ఫొటో... మీ చెల్లెలిగారితో మాట్లాడాను, ఆవిడ ఒప్పుకున్నారు."

"మా చెల్లెలెందుకు?"

"పుస్తకం అట్ట మీద పెన్ను పట్టుకుని కూర్చోవడానికి." నాకు అర్థం కాలేదనుకుని నెమ్మదిగా చెప్పింది. "జనానికి మన డబ్బా మీద ఇద్దరు లేరు కదమ్మా, ఒక్కరే. ఆ ఒక్కరే ఇప్పుడు చదువు కూడా నేర్చుకున్నారు, ఇదీ మన కథ. మళ్ళీ ఈ ముఖం చూపిస్తే, డబ్బా మీద చెప్పింది అబద్ధమా అంటారు. కథంతా మీదే. ముఖం ఒక్కటే ఆవిడది."

ఆలోచించుకోవడానికి వారం గడువు ఇచ్చింది.

ఆ వారం నేను చెల్లెల్ని తిట్టని తిట్టు లేదు, అన్నీ లోలోపలే. బడి తీసుకుంది, బుగ్గలు తీసుకుంది, టీ తీసుకుంది, కుర్చీ తీసుకుంది. ఇప్పుడు వేళ్ళు విరుచుకుని రాసుకున్న నాలుగు నెలలు కూడా పెన్ను పట్టుకుని కూర్చుని తీసుకుంటుంది. ఒక మనసు, పోనీ ఒప్పుకో, ముఖం లేకపోయినా మాటలు అచ్చులో పడతాయి కదా, అనేది. మా ఆయన ఉంటే అదే అనేవాడు: "నీ ముఖానికి అదే ఎక్కువ." ఆ గొంతు వినపడగానే ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలే వచ్చింది. మెట్లెక్కి వచ్చి, మేకు ఖాళీగా ఉండటం చూసి, మంచం అంచున కూర్చుంది. షోరూముకి వెళ్ళేటట్టే ముఖమంతా తయారై ఉంది. ఎండకి చెమట పట్టి గడ్డం దగ్గర పూత కారుతోంది.

"ఒప్పుకో అక్కా," అంది. "లేకపోతే నన్ను ఆ కుర్చీలో ఉంచరు."

"ఉంచకపోతే వచ్చి అట్టలు మడువు. నేను మడవట్లేదా?"

"నీకు తెలీదు."

"నాకేం తెలీదే? నీకు అన్నీ అమరాయి. పొయ్యి దగ్గరికి కూడా వెళ్ళక్కర్లేదు, మొగుడు టీ కాచి చేతికిస్తాడు. ఇంకా నా దగ్గరికొచ్చి నా రాత కూడా ఇమ్మంటున్నావ్!"

అది లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. సబ్బు తీసుకుని ముఖం కడుక్కుంది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి. నీళ్ళు ముందు తెల్లగా, తర్వాత గోధుమరంగుగా పోయాయి. తిరిగి నా వైపు నిలబడింది.

దాని ముఖం నా వేళ్ళలా ఉంది. జిగురు ఒలిచేసిన వేళ్ళలా. బుగ్గల మీద పొరలు లేచి, మధ్యలో ఎర్రగా, తడిగా. కళ్ళ కింద తెల్లటి మచ్చలు. ముక్కు పక్కన చిట్లిన చోట సబ్బు మంటకి నీళ్ళు ఊరుతున్నాయి.

"రోజుకి ఆరేడుసార్లు రాసి చూపించాలి, వచ్చినవాళ్ళ ముందు," అంది. "డాక్టరు ఆపేయమంది. ఆపేస్తే రెండు వారాలు ఇలాగే కనిపిస్తానట. రెండు వారాలు ఇలా కనిపిస్తే కుర్చీ ఉండదు. మీ మరిదికి చెప్తే, 'డాక్టరుదేం పోయింది, చెప్తుంది' అన్నాడు. టీ ఎందుకు కాస్తాడనుకుంటున్నావ్? పొయ్యి సెగకి ముఖం పాడవుతుందని. ఎండలో బట్టలు ఆరేయనివ్వడు. నవ్వితే గీతలు పడతాయంటాడు. ఐదేళ్ళయింది అక్కా నేను ఇంట్లో నవ్వి."

ఇప్పుడు రాయబోయేది రాయకూడదనుకున్నాను. పంతులమ్మ, రాస్తే అన్నీ రాయి, లేకపోతే ఏదీ వద్దు, అంది. దాని ముఖం చూడగానే నాకు సంతోషం వేసింది. జాలి కాదు, కోపం కాదు, సంతోషం. పండగొచ్చినంత సంతోషం. యాభై ఏళ్ళుగా నేను చూసి ఏడ్చింది కరిగి నా పంపు కింద కాలవలో పోయింది. ఆ సంతోషం ఎంతసేపు ఉందో నాకు తెలియదు, ఒక గ్లాసు నీళ్ళు తాగినంత సేపు ఉండొచ్చు. ఆ తర్వాత ఒక నీటి బొట్టు దాని ముక్కు పక్క నుంచి జారి పెదవి మీదికి వచ్చింది, అది నాలుకతో అందుకుంది. పది నెలలప్పుడు ముఖం కడిగితే అలాగే చేసేది.

నేను వెళ్ళి మెత్తటి పాత నూలు చీర ముక్క తెచ్చాను. రుద్దకుండా, అద్దుతూ తుడిచాను. దాని ముఖం తుడవడం నాకు కొత్తేం కాదు, మధ్యలో కొన్నేళ్ళు మానేశాను, అంతే. మండుతోంది, మండుతోంది అంటూనే గడ్డం పైకెత్తి పెట్టింది. తర్వాత నేను టీ పెట్టాను. అది లేచి పొయ్యి దగ్గరికి వచ్చి, సెగ తగిలేటట్టు నా పక్కనే నిలబడింది.

సోమవారం మేడమ్ గదికి వెళ్ళి నా కాగితాలు ఇచ్చేయమన్నాను.

"మీకు అర్థమవుతోందా అమ్మా? ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. మీ రాత ఇంకెవరు వేస్తారు?"

"ఎవరూ వేయకపోతే నా దగ్గరే ఉంటుంది."

"అంత పట్టుదల దేనికి? ముఖమే కదా."

"ముఖమే అయితే నాది పెట్టండి," అన్నాను.

ఆమె కాగితాలు ఇచ్చేసింది. జిగురు మరకల మీద ఎర్ర సిరాతో గీతలు కొట్టి ఉన్నాయి. పెట్టె సంగతి మొత్తం కొట్టేశారు. ఆ కొట్టేసిన పేజీలు ముందు పెట్టుకుని, అంతా మళ్ళీ మొదటి నుంచి రాశాను. అదే ఇది. పంతులమ్మ పోస్టులో పంపిస్తానంది. ఇది అచ్చయితే ఆ టేబుల్ దగ్గర నాకు చోటు ఉండకపోవచ్చు. ఉండకపోతే ఈ గది కింద లాండ్రీలో ఇస్త్రీ బట్టలు మడిచే మనిషి కావాలట. మడవడం నాకు బాగానే వచ్చు.

పది రోజుల క్రితం చెల్లెలు ఏమీ పూసుకోకుండా షోరూముకి వెళ్ళి తిరిగే కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నంలోపే ప్యాకింగ్ గదికి పంపించేశారు. మా మరిది వారం రోజులు మాట్లాడలేదట, టీ కూడా మానేశాడట. తనే పెట్టుకుంటోంది. ఇప్పుడు నా పక్కనే కూర్చుని అట్టలు మడుస్తోంది. ఐదేళ్ళు వదిలేసినా నాకంటే వేగంగా మడుస్తోంది. గంటకి నాకంటే ఒక ట్రే ఎక్కువ. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు కూడా. అదీ నాకు కుళ్ళే. నేను మారిపోయానని మీరు అనుకోకూడదు.

నిన్న భోజనాల గదిలో దీన్నంతా దానికి చదివి వినిపించాను. మొదటిసారి నేను చదివాను, అది విన్నది. అయిపోయాక రొట్టె ముక్క చిదుపుతూ కూర్చుంది. నీ సంగతులు ఉన్నాయి, వద్దంటే పంపను, అన్నాను.

"పంపు," అంది. "కానీ అందులో నా ముఖం పాడైపోయిందని ఉంది కదా. నేను బాగుండేదాన్నని కూడా రాయి అక్కా."

సరే, రాస్తున్నాను.

మా చెల్లెలు అందగత్తె. ఏ క్రీమూ రాయకముందు నుంచే.

ఇందులో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది ఈ రెండు ముక్కలకే.

జిగురక్క,
అరవై ఒక్క ఏళ్ళు,
లాండ్రీ షాపు మీద, మెట్లెక్కగానే ఎడమవైపు గది.